జపాన్ బాకా, పావుకిలో చింతపండు

మా జగ్గయ్యపేట చర్చిలో ప్రభాకర్ ఎవరని అడిగితే ఎవరూ చెప్పలేరు. "జపాన్ బాకా ఇల్లెక్కడ?" అని అడగండి, సండే స్కూలు పిల్లలు కూడా మిమ్మల్ని చెయ్యి పట్టుకుని మా గుమ్మం దాకా తెచ్చి వదిలిపెడతారు. నేను జపాను వెళ్లలేదు. విమానం కూడా ఎక్కలేదు. పదేళ్ల క్రితం ఒక ఆదివారం, ఆరాధన అయిపోయాక, నూరుమంది విశ్వాసుల సమక్షంలో ఈ బిరుదు సంపాదించుకున్నాను. పరువు పోగొట్టుకోవడానికి కొందరికి జీవితకాలం పడుతుంది. నాకు ఒక పాట మూడుసార్లు వినేంత సమయం సరిపోయింది. ఆ వినాశనం ఎలా జరిగిందో విన్నవిస్తాను. మీరు మొహమాటపడకుండా నవ్వండి. మా అమ్మమ్మ పదేళ్లుగా నవ్వుతూనే ఉంది, ఆవిడకేమీ కాలేదు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు, ఈలోగా ఫోను వచ్చింది. ఆ ఫోనులో ఎవరో తెల్లాయన రెండు బాకాలు దగ్గర పెట్టుకుని, ఒకటి చవకది, ఒకటి ఖరీదైనది, మార్చి మార్చి ఊదుతూ తేడా చూపించేవాడు. నేను మంచం మీద పడుకుని వింటూ ఏది ఏదో ఠకీమని చెప్పేసేవాణ్ణి. ఒక్కసారి కూడా తప్పలేదు. "బాకా ఆయన చేతిలో కనబడుతూనే ఉంటుంది కదయ్యా, ఎలా తప్పుతుంది?" అని మీరు అడుగుతారు. ఆ ప్రశ్న ఆ వయసులో నాకు తట్టలేదు. పైగా నా ఇయర్‌ఫోన్లలో ఎడమది పనిచేసేది కాదు. ఒక్క చెవితోనే ఇంత కనిపెడుతున్నానే, రెండూ పనిచేస్తే ఇంకెంత వాణ్ణయ్యేవాణ్ణో అని నామీద నాకే జాలి వేసేది.

పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. రూపాయి కొద్దీ రాగం అన్నాను నేను. ఈ సిద్ధాంతాన్ని ఇంట్లో, వీధిలో, టీకొట్టు దగ్గర, ఎవరు దొరికితే వాళ్లకి బోధించేవాణ్ణి. వినేవాళ్లలో ఎవరికీ బాకాతో పనిలేదు గనక ఎవరూ కాదనలేదు. దాంతో నాకు ధైర్యం వచ్చింది.

ఇత్తడి విద్యలో ఫోను నాకు రెండో గురువు మాత్రమే. మొదటి గురువు మా అమ్మమ్మ రూతమ్మ. అమ్మమ్మ బిందె కొనాలంటే ముందు దాన్ని ఎత్తి బరువు చూస్తుంది. తరవాత వేలి మెటికతో ఒక్కటిచ్చి చెవి దగ్గర పెట్టుకుంటుంది. ఖంగుమని మోత సాగితే సరుకు మంచిదన్నమాట. టప్పుమని ఆగిపోతే కొట్టువాడికి మూడినట్టే. ఆ విద్య నాకు వారసత్వంగా వచ్చింది. బిందెకీ బాకాకీ తేడా ఉందని చెప్పేవాళ్లు మా వంశంలో అప్పటిదాకా పుట్టలేదు.

ఇక మా దానియేలు మామయ్య. అమ్మమ్మ కొడుకు, మా పక్కిల్లే. సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరు. చర్చి బ్యాండుకు పెద్ద కూడా ఆయనే. బ్యాండు అంటే మరీ ఊహించుకోకండి, ఒక బాకా, రెండు డ్రమ్ములు, ఒక జత తాళాలు. ఆ బాకా మామయ్య కుర్రతనంలో నందిగామలో సెకండ్‌హ్యాండులో కొన్నది. అప్పటికే అది చవకది, తరవాత తరవాత ఇంకా చవకైపోయింది. ఒకసారి వత్సవాయి ఊళ్లో సువార్త సభలకు వెళుతూ ట్రాక్టరు మీంచి కిందపడి మీటల పక్కన దాని గొట్టానికి ఒక సొట్ట పడింది. ఒక మీట పైకి రానని మొరాయిస్తే మామయ్య దానికో రబ్బరుబ్యాండు కట్టాడు. చూడ్డానికి అది ఆస్పత్రి నుంచి తెచ్చినట్టుండేది.

కానీ ఈస్టరు నాడు ఆ బాకా లేకపోతే మా సంఘానికి తెల్లవారదు. ఆ రోజు తెల్లవారుజామున అందరం కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకు వెళతాం. ఎవరివాళ్ల సమాధుల దగ్గర వాళ్లు నిలబడతారు. మామయ్య గేటు దగ్గరి మెట్టెక్కి పునరుత్థానం పాట ఊదుతాడు. ఆ మొదటి స్వరం వినబడేదాకా ఒక్కరూ అగ్గిపుల్ల గీయరు. వినబడగానే ఒక్కొక్క కొవ్వొత్తే వెలుగుతుంది, పెద్దవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. అప్పటికి ముప్పయ్యేళ్లుగా ఇదే మా పద్ధతి. ఆ మెట్టు మీద నేను నిలబడాలని నా కోరిక. చిన్నప్పట్నించీ ఉన్న కోరిక, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

మామయ్య నాకు పన్నెండో ఏటి నుంచే ఊదడం నేర్పాడు. ఆయన ఓపిక గొప్పది. నా ఊదుడు గురించి చెప్పుకోవాలంటే, నేను సాధన మొదలుపెట్టాక పక్క వీధిలో ఒక గేదె పాలు చేపడం మానేసిందని ఒక అభియోగం ఉంది. రుజువు కాలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను మాత్రం తప్పంతా ఆ సొట్ట మీదే తోసేవాణ్ణి. మంచి బాకా ఒకటి చేతిలో పడితే గేదె కూడా తాళం వేస్తుందని నా నమ్మకం.

అలాంటి సమయంలో, ఈస్టరుకు ముందు శ్రమకాలంలో, రిటైరైన మా రత్నకుమారి టీచరు గారు కమిటీ మీటింగులో లేచారు. "మా ఆయన జ్ఞాపకంగా సంఘానికి ఒక మంచి వస్తువు ఇద్దామనుకుంటున్నానండి. ఏమిస్తే బాగుంటుంది?"

"ఫ్యాన్లండి," అన్నారు పాస్టరు గారు చెమట తుడుచుకుంటూ.

"బాకా అండి!" అన్నాను నేను. నేను కమిటీలో లేను. కుర్చీలు వేయడానికి వచ్చినవాణ్ణి.

"ఉంది కదరా బాకా," అన్నాడు మామయ్య.

"దాన్ని బాకా అంటే మిగతా బాకాలు బాధపడతాయి మామయ్యా. నీ ఊపిరి మంచిదే, ఆ రేకే చవకది. ఖరీదైన దాంట్లో ఊది చూడు, నీకే తెలిసిద్ది. శబ్దం వెన్నపూసలా ఉంటది."

"నువ్వెప్పుడు విన్నావ్?"

"రోజూ వింటున్నాగా, ఫోనులో."

టీచరు గారు నలభయ్యేళ్లు లెక్కలు చెప్పిన మనిషి. ఎవరైనా సమాధానం చెబితే చేసి చూపించమనడం ఆవిడకు అలవాటు. కళ్లజోడు సర్దుకుని నావైపు తిరిగారు.

"అంత తేడా ఉంటదంటావా ప్రభాకర్? చూడకుండా, విని చెప్పగలవా?"

"నిద్రలో లేపి అడిగినా చెప్తానండి."

"నిద్ర అక్కర్లేదులే. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక తెర కడదాం. దాని వెనక మీ మామయ్య రెండూ ఊదుతాడు. ఏది ఏదో నువ్వు సరిగ్గా చెబితే కొత్తది కొని నీ చేతికిస్తా, ఈస్టరుకి నువ్వే ఊదు. చెప్పలేకపోయావనుకో, మీ మామయ్యే పాతదాంతో ఊదుతాడు, నేను ఫ్యాన్లు కొనిస్తా. ఏం దానియేలూ?"

"సరేనమ్మా," అన్నాడు మామయ్య. ఆ మాట అంటూ ఒళ్లో ఉన్న బాకా సొట్టని బొటనవేలితో రుద్దుతున్నాడు. ముప్పయ్యేళ్లుగా రుద్దీ రుద్దీ ఆ చోటు నున్నగా అయిపోయింది. నేను అటు చూడలేదు. నేను అప్పటికే ఆ మెట్టు మీద నిలబడి ఉన్నాను, మనసులో.

మర్నాడే నందిగామ బస్సెక్కాను. అక్కడ మస్తాన్ గారని ఒక పెద్దాయన ఉన్నారు. పెళ్లి బ్యాండు నడుపుతారు, వాయిద్యాలు బాగుచేస్తారు, అమ్ముతారు కూడా. మామయ్య పాత బాకా ఆయన చేతి మీదుగా వచ్చిందే. కొట్టు నిండా డ్రమ్ములు, పెళ్లి లైట్లు, ఎర్ర కోట్లు. ఆదివారం పరీక్ష సంగతి చెబితే ఆయన లోపల్నుంచి ఒక నల్ల పెట్టె తెచ్చి తెరిచారు. వెల్వెట్టు గుడ్డలో జపాన్ బాకా పడుకుని ఉంది. బంగారు రంగులో, పసిపిల్లలా.

నేను దాన్ని ఎత్తి బరువు చూశాను. తల పంకించాను. తరవాత మెటికతో ఒక్కటిచ్చి చెవి దగ్గర పెట్టుకున్నాను.

మస్తాన్ గారు కాసేపు నన్నే చూశారు. "బాబూ, నీళ్లు మోయడానికా?"

"నాణ్యత చూస్తున్నానండి. మోత బాగానే సాగుతుంది."

"దాన్ని అటు నుంచి కొట్టరు బాబూ, ఇటు నుంచి ఊదుతారు," అన్నారు ఎంతో మర్యాదగా. "దానియేలు మేనల్లుడివి గాబట్టి నమ్మి ఇస్తున్నా. పరీక్ష చేసుకోండి. నచ్చితే ఉంచుకోండి, లేకపోతే తిరిగిచ్చెయ్యండి. ఆదివారం నేనూ వస్తా. ఒక్కటే మాట. తుడవాలనిపిస్తే మెత్తటి గుడ్డ, అంతే."

"నాకు తెలుసండి," అన్నాను. నా జీవితంలో జరిగిన నష్టాలన్నీ ఈ రెండు మాటల తరవాతే మొదలయ్యాయి.

తిరుగు బస్సులో పెట్టెని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కండక్టరు అడిగాడు.

"ఏంటది?"

"బాకా అండి. జపానుది."

"పెళ్లా?"

"పరీక్ష."

"బాకాకి కూడా పరీక్షలొచ్చినయ్యా?" అని టిక్కెట్టు కొట్టి చిల్లకల్లులో దిగేవాళ్లని లేపడానికి వెళ్లిపోయాడు.

శనివారం దాకా ఆ పెట్టెని మంచం కింద దాచాను. శనివారం పొద్దున అమ్మా అమ్మమ్మా బజారుకు వెళ్లాక బయటికి తీశాను. పగటి వెలుతురులో చూస్తే బంగారు రంగు కాస్త మాగినట్టు కనిపించింది. నాకో దృశ్యం కళ్లకు కట్టింది. రేపు పరీక్షలో గెలుస్తాను. తెర తొలగుతుంది. బాకా తళుక్కుమంటుంది. సంఘమంతా కళ్లు మూసుకుంటుంది. ఈ దృశ్యానికి ఆ మాగిన రంగు ఏమాత్రం చాలదు.

మెత్తటి గుడ్డ అన్న మాట నాకు గుర్తుంది, లేదనను. కానీ ఇత్తడిని గుడ్డతో తుడవడమేమిటండీ? పండగొస్తే మా ఇంట్లో బిందెలూ చెంబులూ చింతపండుతో తోమితేనే పండగొచ్చినట్టు లెక్క. మస్తాన్ గారు మగమనిషి, పాపం ఆయనకేం తెలుస్తుంది అనుకున్నాను. నేనూ మగవాణ్ణే అన్న సంగతి ఆ క్షణంలో అడ్డు రాలేదు.

వంటింట్లో అమ్మమ్మ చింతపండు డబ్బా ఉంది. ఏడాదికి సరిపడా కొత్త చింతపండు, పావుకిలో తీశాను. పెద్ద బేసిన్లో నీళ్లు పోసి పిసికాను. గింజలు తీయాలని తెలుసు గానీ టైము లేదు. బాకాని దాంట్లో ముంచాను. బయట తోమితే సరిపోదు కదా, శబ్దం వచ్చేది లోపల్నుంచి. అందుకని పైన మూతలు తిప్పి ఆ మూడు మీటలూ బయటికి లాగాను. ఒక్కోటి వేలెడంత గొట్టం, ఒంటినిండా కన్నాలు. వాటినీ చింతపండులో వేసి, కొబ్బరి పీచుతో వీపు రుద్దినట్టు రుద్దాను. దేవుడా, ఏం మెరుపు! పైనున్న పూత గీసుకుపోయి మెరుస్తోందని తరవాత తెలిసింది.

కడిగి, ఎండలో ఆరబెట్టి, మీటలు మళ్లీ లోపల పెట్టాను. మూడూ ఒక కాన్పులో పుట్టిన పిల్లల్లా ఒకేలా ఉన్నాయి. ఏది ఎక్కడిదైతేనేం, అన్నీ ఒకే బాకావి కదా అని సరిపెట్టాను. ఒకటి సగం దాకా వెళ్లి ఆగింది. కొత్త వస్తువు కదా, బిగువుగా ఉంటుందని గట్టిగా నొక్కాను. ఊది చూద్దామంటే మామయ్య పక్కింట్లోనే ఉన్నాడు. పరీక్ష పేపరు ముందే బయటపెట్టినట్టవుతుందని నీతికి కట్టుబడి పెట్టెలో పెట్టేశాను. నేను నీతికి కట్టుబడిన సందర్భాలు తక్కువ. దాని ఫలితం ఇదీ.

ఆదివారం పొద్దున వంటింట్లోంచి అమ్మమ్మ గొంతు వినబడింది. "ఏమేవ్, డబ్బాలో చింతపండు తగ్గిందేంటే?"

"ఎలుకలేమో అమ్మా," అంది మా అమ్మ.

"ఎలుకలు చింతపండు ఎప్పట్నుంచి తింటున్నయ్యే?"

ఆ ఎలుక చొక్కా ఇస్త్రీ చేసుకుని, పెట్టె పట్టుకుని, మెల్లగా చర్చికి జారుకుంది.

ఆరాధన అయ్యాక ఎవరూ ఇళ్లకు కదల్లేదు. క్రిస్మస్ నాటకంలో వాడే నీలం తెర కట్టారు, దానిమీద కుట్టిన వెండి కాగితం చుక్కలు ఇంకా ఉన్నాయి. మామయ్య తన పాత బాకా, నా నల్ల పెట్టె తీసుకుని తెర వెనక్కి వెళ్లాడు. సాయంగా మస్తాన్ గారు వెళ్లారు, నందిగామ నుంచి మోపెడ్ మీద ప్రత్యేకంగా వచ్చారు. నేను ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. ఎదురుగా తెర ఉన్నా కళ్లు కూడా మూసుకున్నాను. అలా అయితేనే గంభీరంగా ఉంటుందని.

చాలాసేపు ఏమీ వినబడలేదు. ఉఫ్ ఉఫ్ అని గాలి చప్పుడు. టకటక. గుసగుస. మళ్లీ ఉఫ్.

"ఏంటి ఆలస్యం?" అన్నారు పాస్టరు గారు.

"ఖరీదైన వాయిద్యం అంతేనండి," అన్నాను కళ్లు తెరవకుండా. "వేడెక్కాలి. చవకదైతే ఎప్పుడంటే అప్పుడు మోగుద్ది."

తెర వెనక ఎవరో దగ్గారు. ఆ దగ్గులో నవ్వు ఉందని ఇప్పుడు తెలుస్తోంది.

అప్పుడు పాట మొదలైంది. ఈస్టరు పాటే, ఒక చరణం. అయిపోగానే వందమంది నావైపు తిరిగారు.

"ఇది పాతదండి," అన్నాను జాలిగా. "చివర్లో కర్రుమంది, విన్నారా? అది రేకు నాణ్యత. మధ్యలో శబ్దం ఒకచోట తడబడింది చూడండి, అక్కడే సొట్ట. సొట్ట నాకు వినబడింది."

"అబ్బో!" అన్నారు టీచరు గారు.

రెండోసారి పాట వచ్చింది. మొదటి స్వరానికే నేను చెయ్యి పైకెత్తాను, ఇంకెవరూ నోరు విప్పకుండా.

"ఇదీ! ఇదండీ జపానంటే! ఆ నునుపు చూడండి. వెన్నపూస. ఒక్క స్వరం పక్కకి పోలేదు, ఆ దేశంవాళ్లు లైన్లో నిలబడతారు కదా, వాళ్ల స్వరాలూ అంతే. మా మామయ్య ఊపిరికి ఇన్నాళ్లకి న్యాయం జరిగిందండి."

"నాకు రెండూ ఒకేలా వినబడ్డయిరా," అంది వెనక నుంచి అమ్మమ్మ.

"నీ చెవులకి వయసైంది అమ్మమ్మా."

చెవిటివాడి ముందు శంఖం ఊదితే, దాన్ని కొరకడానికి ఎన్ని తంటాలు పడుతున్నాడో పాపం అన్నాడట. నేను ఆ చెవిటివాడికి అన్నని. వాడు కొరుకుతున్నాడని మాత్రమే అనుకున్నాడు, రుచి వర్ణించలేదు.

లెక్కల టీచరు ఒకసారితో నమ్ముతారా? "ఇంకొక్కసారి. ఈసారి ఏది ఊదుతారో మీ ఇష్టం దానియేలూ."

మూడోసారి పాట మొదలై నాలుగు స్వరాలు కూడా కాలేదు, నేను రెండు చెవులూ మూసుకున్నాను. "మళ్లీ పాతదే! వెన్నపూస తిన్న నోటికి ఇసక పెట్టినట్టుంది. ఆపెయ్యి మామయ్యా, ఇక చాలు!"

పాట ఆగింది. యూత్ వాళ్లు చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడి, వినయంగా తల వంచి, "తెర తియ్యండి," అన్నాను. ఎవరో తాడు లాగారు. వెండి చుక్కలతో సహా తెర కింద పడింది.

మామయ్య చేతిలో పాత బాకా ఉంది. అది సరే. జపాన్ బాకా స్టూలు మీద గుడ్డ పరుచుకుని, కడుపు కోసినట్టు విప్పి ఉంది. మస్తాన్ గారు ముందుకొచ్చి అరచెయ్యి చాపారు. చేతిలో ఏదో నల్లగా మెరుస్తోంది.

"ఈ జపాను బాకాలోంచి ఇందాకట్నుంచి మాకు వచ్చింది ఇదొక్కటేనండి," అన్నారు.

చింతగింజ.

"మీటల పిస్టన్లు మూడూ ఒకదాని చోట ఒకటి దూర్చేసున్నయ్యి. వాటి చుట్టూ చింతపండు పీచు బిగుసుకుపోయింది. గాలే పోవట్లా, ఇంక శబ్దమేం వస్తది? దానియేలు మూడుసార్లూ ఊదింది పాతదేనండి."

చర్చిలో సూది పడితే వినబడేంత నిశ్శబ్దం. ఆ సూది చవకదో ఖరీదైనదో నేను చెప్పేవాణ్ణి కూడా. ఆ నిశ్శబ్దంలో అమ్మమ్మ లేచి నిలబడింది.

"ఏరా! ఆ ఎలుకవి నువ్వంట్రా?"

ఇక ఆ తరవాత నవ్వు ఎంతసేపు సాగిందో నాకు తెలీదు. పాస్టరు గారు ముగింపు ప్రార్థన చేద్దామని రెండుసార్లు లేచి, భుజాలు అదురుతుంటే రెండుసార్లూ కూర్చున్నారు. "ఆ సొట్ట ఇంకా వినబడతందా ప్రభా?" అని ఒకరు. "లైన్లో నిలబడిన స్వరాలెక్కడ అన్నా?" అని ఇంకొకరు. భూమి చీలితే బాగుండుననుకున్నాను. చీల్లేదు, కింద గ్రానైటు వేయించారు.

నిజానికి మామయ్య మొదట్లోనే బయటికొచ్చి బాకా పాడైందని చెప్పేద్దామన్నాడట. మస్తాన్ గారే చెయ్యి పట్టుకుని ఆపారట. "ఉండు దానియేలూ. ఒక్కదాన్నే ఊదు. ఈ బాబుకి చెవులున్నయ్యో లేవో తేలిపోద్ది." ఇది నాకు మామయ్యే ఇంటికొచ్చాక చెప్పాడు. తిట్టలేదు. "నేను ఒకేలా ఊదాలనే చూశానురా, కానీ మూడోసారి నవ్వొచ్చి కొంచెం తడబడ్డా," అన్నాడు. అంతే. తిడితే బాగుండేది. ముప్పయ్యేళ్లుగా ఊరిని నిద్రలేపే మనిషిని, నాకు ఊదడం నేర్పిన మనిషిని, ఒక మెట్టు కోసం వందమంది ముందు చులకన చేశాను. ఆ రోజు అన్నం సయించలేదు. అమ్మమ్మ ఆ పూట చింతపండు పులిహోర చేసింది, కావాలనే.

మస్తాన్ గారు బాకాని నందిగామ తీసుకెళ్లి నాలుగు రోజుల్లో బాగుచేశారు. మీటలు కదిలాయి గానీ పైన పడ్డ కొబ్బరి పీచు గీతలు పోలేదు. ప్రాయశ్చిత్తంగా నేను ఆ నాలుగు రోజులూ ఆయన కొట్టులో కూర్చుని, గోరువెచ్చని సబ్బు నీళ్లతో బాకాలు కడిగాను. మెత్తటి గుడ్డతో తుడిచాను. ఒక్కదాన్నీ మెటికతో కొట్టలేదు.

ఈస్టరుకు ముందు వచ్చే మట్టలాదివారం నాడు మామయ్య ఆ జపాన్ బాకాని చర్చిలో అందరి ముందూ, తెర లేకుండా ఊదాడు. ఇప్పుడొక రహస్యం చెబుతున్నాను, దగ్గరికి రండి. అది నిజంగానే బాగుంది. పైస్వరం దగ్గర పాతది కాస్త బిగుసుకునేది, ఇది తేలిగ్గా తేలిపోయింది. మామయ్య మొహంలో కూడా ఆ ఆశ్చర్యం కనిపించింది. ఇన్నాళ్లూ నేను చెప్పింది కొంతవరకు నిజమే. కానీ ఆ నిజం చెప్పే అర్హత లోకంలో అందరికీ ఉంది, నాకు తప్ప.

"ఎలా ఉంది ప్రభాకర్?" అన్నారు టీచరు గారు, అందరూ వినేలా.

"నాకు జలుబండి," అన్నాను.

ఆవిడ మొదటిసారి నవ్వారు. మామయ్యని అడిగారు. "చాలా బాగుందమ్మా. కానీ పందెం ప్రకారం పాతదే కదా ఊదాలి," అన్నాడు ఆయన. "పందెం వాడితో, నీతో కాదు," అన్నారు ఆవిడ. "గీతలు పడ్డదాన్ని మస్తాను ఇంకెవరికి అమ్ముకుంటాడు? ఇది నీకు, దానియేలూ." ఫ్యాన్లు వచ్చే ఏడాదికి వెళ్లాయి. పాస్టరు గారు నన్ను చూసిన చూపు ఇప్పటికీ వేసవిలో గుర్తొస్తుంది.

ఇంటికొచ్చాక మామయ్య పాత బాకా తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. రబ్బరుబ్యాండు కొత్తది వేశాడు.

"ఇది నాకెందుకు మామయ్యా?"

"నువ్వేగా వెన్నపూసన్నావు."

ఈస్టరు తెల్లవారుజామున గేటు దగ్గర నేను మెట్టు కింద నిలబడ్డాను, పాత బాకా చంకలో పెట్టుకుని. మామయ్య మెట్టెక్కాడు. ఎక్కి, కొంచెం పక్కకు జరిగాడు. "ఇటు రా. నేను మొదలుపెట్టాక అందుకో," అన్నాడు. ఇద్దరికి ఆ మెట్టు ఇరుకే. నేనెక్కి బాకా ఎత్తితే నా బొటనవేలు సరిగ్గా ఆ సొట్ట మీద, ఆయన వేలికి నున్నగా అరిగిన చోట పడింది. వేలు అక్కడే ఉంచి, మామయ్య మొదలుపెట్టాక అందుకున్నాను. చీకట్లో అగ్గిపుల్లలు గీసుకున్నాయి. కొవ్వొత్తులు ఒక్కొక్కటే వెలిగాయి.

పాట అయ్యాక అమ్మమ్మ తాతయ్య సమాధి దగ్గర కొవ్వొత్తి నిలబెట్టి నా దగ్గరికొచ్చింది.

"ఏరా, మధ్యలో మేకపిల్లలా అరిచింది ఏ బాకా? జపానుదా, పాతదా?"

"పాతదే అమ్మమ్మా."

"మొదటిసారి కరెక్టుగా చెప్పావురా," అంది.

కాబట్టి చదువరులారా, మీ అందరి సమక్షంలో నిలబడి, కుడిచెయ్యి పైకెత్తి, రెండు చెవులూ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ధర విని శబ్దాన్ని మెచ్చుకోను. తెర వెనక నుంచి ఏం వినబడినా, అది కుక్కరు విజిలయినా సరే, తీర్పు చెప్పను. చింతపండుని చారులో తప్ప ఇంకెక్కడా కలపను. ఆ చింతగింజని మామయ్య పారేయనివ్వలేదు, ఇప్పటికీ నా బాకా పెట్టెలో ఓ మూల ఉంది. మా ఇంటికొస్తే చూపిస్తాను. అది మంచి చింతపండుదా, నాసిరకం దాందా అని మాత్రం నన్నడక్కండి.